లేత్ మీది ఎర్రదీపం

గణపతి పేట, కోయంబత్తూరు
ఆగస్టు 6, 2023

పూంగొడికి మామ మరుదాచలం ఆశీస్సులు.

ఇక్కడ నేను బాగున్నాను. మీ అత్త గురించి ఆ మాట రాసే అలవాటు పోయింది కాబట్టి వదిలేస్తున్నాను.

ఫోన్‌లో అక్షరాలు కొట్టి పంపమన్నావు. నా బొటనవేలితో ఒక అక్షరం నొక్కితే మూడు పడతాయి తల్లీ. చెవుడు వచ్చాక మాట్లాడే ఫోన్ ఎలాగూ పోయింది. పోస్టు డబ్బా ఇంకా వీధి చివరే ఉంది. దాన్ని ఎత్తేసేదాకా నీకు నా ఉత్తరాలే గతి.

సంగతేమిటంటే, మీ అత్త అరుక్కాణికి పక్షవాతం వచ్చాక నా బతుకు షెడ్డుకీ మంచానికీ మధ్య నలిగిపోతోంది. షెడ్డు పెరట్లో, మంచం ముందు గదిలో. ఆమె పిలవలేదు, పిలిచినా నాకు వినపడదు. ఇనుము కోసే లేత్ ఆపితే పంపుల కంపెనీకి నేను చేసిచ్చే బుష్‌లు ఆగిపోతాయి, అవి ఆగితే పొయ్యి ఆగిపోతుంది. మొన్న ఒక ఉపాయం చేశాను. ఆమె ఆడే చేతికి నూలు తాడు కట్టి, ఆ కొస తెచ్చి నా నడుముకి కట్టుకున్నాను. లాగితే వెళ్లొచ్చని. సాయంత్రానికల్లా ఆ తాడు తిరుగుతున్న లేత్ చక్రానికి చుట్టుకుంది. స్విచ్ చేతికందింది కాబట్టి సరిపోయింది, లేకపోతే మీ అత్త మణికట్టు ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ అన్నం దిగడం లేదు.

పుణెలో ఆసుపత్రి మిషన్లు బాగుచేసేదానివి. తాడు లేకుండా ఆమె నన్ను పిలిచే దారి ఏదైనా చూడు.

మామ


పుణె
ఆగస్టు 14, 2023

మామకు నమస్కారాలు.

ఉత్తరం చదివి ఆఫీసులో ఏడ్చాను. తర్వాత మీ తాడు ఉపాయానికి నవ్వాను కూడా. కోప్పడకండి.

పార్సిల్ పంపుతున్నాను. అందులో అరచేతిలో పట్టే తెల్ల పెట్టె ఉంటుంది, అది వైఫై రౌటర్. దాన్ని చూసి ఇంటర్నెట్ అని కంగారుపడకండి. బయటి ప్రపంచంతో దానికి పనిలేదు, మీ ఇంట్లో వస్తువుల మధ్య మాటలు మోయడమే దాని ఉద్యోగం. దానికి పవర్ బ్యాంక్ తగిలించాను, కరెంటు పోయినా నడుస్తుంది. ఇంకా ఒక బటన్, అది అత్త చేతి కింద. ఒక ఎర్రదీపం, అది మీ లేత్ పైన. అత్త నొక్కితే మీకు దీపం వెలుగుతుంది. మీరు వెళ్లి చూసి వచ్చాక దీపం ఆపండి. టాబ్లెట్ కూడా పెట్టాను. కంపెనీ వాళ్ల డ్రాయింగులు అందులో చూసుకోవచ్చు, పెట్టెలో ఏదైనా మార్చాలన్నా అందులోనే.

అత్తను వరండాలోకి మారిస్తే పెట్టెను టిఫిన్ సంచిలో వేసుకుని వెంట తీసుకెళ్లండి. ఎక్కడ పెడితే అక్కడ పనిచేస్తుంది. ఒక్కటే షరతు: పెట్టెను ఎప్పుడూ ఆపొద్దు.

అత్తకు నా ముద్దులు. నోటితో చెప్పలేకపోతే నుదుటి మీద పెట్టండి, అర్థమవుతుంది.

పూంగొడి


గణపతి
సెప్టెంబరు 3, 2023

పూంగొడికి,

నీ తెల్ల పెట్టె నాలాగే చెవిటిది. అరుక్కాణి నొక్కుతుంది, దీపం నా వంక చూసి ఊరుకుంటుంది. రెండు రోజులు కుస్తీ పట్టాను. ఇంత ఖరీదైన వస్తువు మీద ఇనుప రజను పడకుండా మొదటిరోజే స్టీలు బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇంతకన్నా భద్రంగా ఎవరు చూసుకుంటారు? అయినా ఉలకదు, పలకదు.

నిన్ను అనడం లేదు. చేసిన కంపెనీని అంటున్నాను.

మామ


పుణె
సెప్టెంబరు 10, 2023

మామా, మామా!

నలభై ఏళ్లు ఇనుముతో కాపురం చేసిన మనిషి ఇలాగేనా చేసేది? స్టీలు బీరువాలో పెడితే దాని మాట గుమ్మం ఎలా దాటుతుంది? వెంటనే తీసి, గదికీ షెడ్డుకీ మధ్య కిటికీ పైన చెక్క అల్మరాలో పెట్టండి. రజను పడితే నేను తుడుస్తాను.

ఆడలేక మద్దెల ఓడన్నారట. కంపెనీని అనకండి, అది నేను పనిచేసే కంపెనీ.

పూంగొడి


గణపతి
సెప్టెంబరు 28, 2023

నా బంగారు తల్లీ,

వెలిగింది. మొదటిసారి వెలిగినప్పుడు చేతిలో పని వదిలేసి పరుగెత్తాను. మీ అత్తకు మంచినీళ్లు కావాలి. ఇచ్చాను. తిరిగొచ్చి లేత్ ముందు నిలబడ్డాను. మూడు నెలల తర్వాత ఆమె నాతో ఒక మాట మాట్లాడింది పూంగొడీ.

నీకు తెలియదు, నువ్వు చిన్నపిల్లవి. నాకు చెవులు పోయాక ఊళ్లో ఎవరి మాటా అందేది కాదు. అరుక్కాణి పెదాలు ఒక్కటే చదవగలిగేవాణ్ణి. గొంతు ఎత్తకుండా పెదాలతో చెప్పేది. పెళ్లిపందిట్లో ఆడవాళ్ల వైపు ఆమె, మగవాళ్ల వైపు నేను కూర్చుని, వచ్చినవాళ్లందరి చీరల మీదా బట్టతలల మీదా చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు మూతి ఒక పక్కకి లాగేసింది. ఆ పెదాలు అలుక్కుపోయిన అచ్చులాగా ఉన్నాయి, ఒక్క ముక్క చదవలేను. ఉన్నామలై అని పక్కింటి ఆవిడ పొద్దున్నే వచ్చి స్నానం చేయిస్తుంది కదా, ఆవిడకి చెవులున్నాయి కాబట్టి ముద్దమాట కాస్త కాస్త అర్థమవుతోంది. ఆవిడేం చెబుతోందో నాకు తెలియదు. ఎప్పుడూ నోట్లో తమలపాకు, పెదాలు మాటకి కదిలాయో నమలడానికి కదిలాయో ఆ మారియమ్మకే తెలియాలి.

ఇక అసలు విషయం. పెట్టెలో ఏదో తప్పుంది. దీపం ఊరికే వెలుగుతోంది. పరుగెత్తుకెళ్లి నీళ్లు చూపిస్తే వద్దంటుంది. పక్కకి తిప్పబోతే వద్దంటుంది. దుప్పటి తడి లేదు. ఊరికే చూస్తుంది. తిరిగొచ్చి చేతికి నూనె అంటుకునేలోపు మళ్లీ వెలుగుతుంది. మధ్యలో వదిలేసిన జాబ్‌లు, అంటే లేత్‌కి బిగించిన ముక్కలు, గీతలు పడి కంపెనీ నుంచి వెనక్కి వస్తున్నాయి. చూడు.

మామ


పుణె
అక్టోబరు 6, 2023

మామకు,

పెట్టెను పంపేముందు వారం రోజులు నా బల్ల మీద నడిపాను, ఒక్కసారీ ఊరికే వెలగలేదు. దాన్ని తప్పుపట్టేముందు, అత్తే నొక్కుతోందేమో అడిగారా? చేయి బరువు బటన్ మీద పడుతోందేమో చూశారా?

కొంచెం మనసు కష్టమైంది, దాచను.

పూంగొడి


గణపతి
అక్టోబరు 25, 2023

పూంగొడికి,

మనసు కష్టపెట్టుకోకు. నేను అన్నీ చూశాను. చేయి బరువు కాదు, బటన్‌ని దిండు పక్కన పెట్టినా అంతే. నువ్వే నొక్కావా అని సైగ చేసి అడిగితే కళ్లు మూసుకుంది. పిలిచిన మనిషైతే వచ్చినవాణ్ణి ఏదో ఒకటి అడగాలి కదా. అడగలేదు. కాబట్టి ఆమె కాదు.

ఇప్పుడు సాక్ష్యం దొరికింది విను. మొన్న సోమవారం ఆయుధపూజ. లేత్‌కీ, డ్రిల్లుకీ, కొలిచే సామానుకీ అన్నిటికీ విభూది, చందనం, కుంకుమ పెట్టాను. నీ తెల్ల పెట్టెనీ కిందికి దించి వరసలో కూర్చోబెట్టి బొట్టు పెట్టాను. ఆపొద్దన్నావు కాబట్టి ఆపలేదు, దేవుడి ముందు కూడా దాని పచ్చదీపం వెలుగుతూనే ఉంది. ఆ రోజు మిషను ముట్టకూడదు కదా. ఏం చేయను, అరుక్కాణి మంచం మీదే కూర్చున్నాను. మరమరాలు, శనగలు తిన్నాను. ఆమెకు మెత్తగా నలిపి పెట్టాను, రెండు ముద్దలు ఎక్కువే తింది. జుట్టు చిక్కు తీశాను. మధ్యాహ్నం ఆమె చేయి నా ఒళ్లో ఉండగానే నాకు కునుకు పట్టింది. ఆ రోజంతా దీపం ఒక్కసారి కూడా వెలగలేదు.

మర్నాడు పొద్దున్న లేత్ తిప్పాను. కొబ్బరికాయ కొట్టిన చెమ్మ ఇంకా ఆరలేదు, దీపం వెలిగింది!

మోటారు తిరిగితే వెలుగుతోంది, తిరగకపోతే లేదు. ఇంకేం కావాలి? నా మోటారు చేసే రొదకి నీ పెట్టె బెదిరిపోతోంది. నీ తప్పు కాదు, నాదీ కాదు. మందు చెప్పు.

మామ


పుణె
నవంబరు 2, 2023

మామా,

మీరు నా మేనమామే కాదు, నా పై అధికారి అయ్యుండాల్సింది. ఇంత శుభ్రంగా తప్పును పట్టుకునేవాళ్లు మా ఆఫీసులో లేరు. ఉత్తరం మా మేనేజరుకి చదివి అర్థం చెప్పాను. పాత మోటార్లు అలాగే గోల చేస్తాయని, బటన్ నొక్కినట్టు దొంగ సంకేతం పుట్టి ఉంటుందని ఆయన కూడా అన్నాడు.

మందు తేలిక. టాబ్లెట్‌లో పళ్లచక్రం బొమ్మ నొక్కండి. 'ఎంతసేపు' అన్న చోట సున్నా ఉంటుంది. దాన్ని మూడు చేయండి. ఇకనుంచి ఎవరైనా బటన్‌ని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేంతసేపు అదిమిపట్టి ఉంచితేనే దీపం వెలుగుతుంది. మోటారు పుట్టించే దొంగ సంకేతం అంతసేపు నిలవదు.

దీపావళికి రాలేను, సెలవు ఇవ్వలేదు. అత్తకు మెత్తటి చీర పంపుతున్నాను.

పూంగొడి


గణపతి
నవంబరు 20, 2023

పూంగొడికి వేయి దీవెనలు.

నీ మందు పనిచేసింది. దీపం నోరు మూసుకుంది. ఎప్పుడైనా పొద్దున్న ఉన్నామలై గట్టిగా అదిమిపడితే వెలుగుతుంది, అంతే. బటన్ బాగానే ఉందన్నమాట. మధ్యాహ్నం, సాయంత్రం నేనే వెళ్లి చూసుకుంటున్నాను. బుష్‌లు అద్దంలా వస్తున్నాయి. కంపెనీవాడు చేయి కలిపాడు.

మీ అత్త కూడా సాధువైపోయింది. ఇదివరకు నేను గదిలోకి వస్తే తల తిప్పి చూసేది, ఇప్పుడు అది కూడా లేదు. గోడవైపు తిరిగి పడుకుంటోంది. తిండి తగ్గించింది. చలి మొదలైంది కదా, అందువల్లే అయ్యుంటుంది. ఉలవచారు కాచి పోస్తున్నాను. చీర కట్టించాం, బాగుంది.

మామ


గణపతి
డిసెంబరు 10, 2023

పూంగొడీ,

దీవెనలు రాయడానికి చేయి రావడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న మధ్యాహ్నం కరెంటు తీసేశారు. ఉన్నామలై వచ్చి అరుక్కాణి దగ్గర చాలాసేపు కూర్చుంది. తర్వాత పెరట్లోకి వచ్చి నా ముందు నిలబడి, నోట్లో ఉన్న తమలపాకు గోడ పక్కన ఉమ్మేసి, నోరు పుక్కిలించింది. ఆవిడ ఆకు ఉమ్మేసి మాట్లాడటం ఈ ఇరవయ్యేళ్లలో నేను చూడలేదు. ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది, ఒక్కటి కూడా పోలేదు.

"అన్నా, అక్క పొద్దస్తమానం ఆ మీట నొక్కుతానే ఉందండీ. మీరెందుకు పోవట్లేదు?"

"దీపం వెలగలేదమ్మా. వెలిగితే పోనా?"

"అక్కకేం తెలుస్తాదండీ ఎలగలేదని? అక్కడ దీపం ఎలుగుతాంది, చూసి కూడా మీరు రావట్లేదనుకుంటాంది."

మూడు లెక్కపెట్టేదాకా అదిమిపట్టాలి అని చెప్పాను. ఆవిడ తల కొట్టుకుంది.

"ఆ ఏలికి అంత బలమేదండీ? ఆనిస్తే జారిపోతాంది. నేనేమో మీకు తెలుసనుకుంటిని."

"మునుపు నేను వెళ్లినప్పుడు ఏమీ అడిగేది కాదు కదమ్మా. నీళ్లు వద్దంది, తిప్పొద్దంది. ఏం కావాలని పిలిచింది?"

"ఏం కావాలా? మీరు కావాలండీ! ఏం మనుషులండీ మీరు! మొగుడొచ్చి పక్కన కూచోవాలంటే ఆడది దుప్పటి తడుపుకోవాలా?"

అంతే చెప్పి వెళ్లిపోయింది.

ఆయుధపూజ రోజు దీపం ఎందుకు వెలగలేదో నేను నీకు రాశాను. దానికి నువ్వూ మీ మేనేజరూ ఔనన్నారు. ఆ రోజు నేను ఆమె మంచం మీద ఉన్నానే తల్లీ, ఇక ఎవరిని పిలవాలి? అంత చిన్న విషయం మన ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

గదిలోకి వెళ్లి ఆమె చేయి పట్టుకుని, దీపం వెలగలేదని ఎన్ని సైగలు చేశానో. చేయి వెనక్కి తీసుకోలేదు. నా వైపు తిరగనూ లేదు. మూడుని తీసి సున్నా చేసేశాను. అది సరిగ్గా మారిందో లేదో వెంటనే రాయి.

మామ


పుణె
డిసెంబరు 16, 2023

మామా,

సున్నా చేశారంటే సరిగ్గానే మారింది. ఇప్పుడు వేలితో ఒక్కసారి మెల్లగా నొక్కితే చాలు. మీరే ఒకసారి నొక్కి చూసుకోండి.

అత్తే నొక్కుతోందేమో అడిగారా అని రాసినప్పుడు నాకు అనుమానం ఉంది మామా. మీరు సాక్ష్యం అని రాసేసరికి నా పెట్టె మీద మచ్చ పోయిందన్న సంతోషంలో అనుమానం వదిలేశాను. అత్త గురించి ఆలోచించలేదు, పెట్టె గురించే ఆలోచించాను. ఇది మీకు కాకపోతే ఎవరికి చెప్పుకోను?

అత్త మళ్లీ నొక్కుతుంది. మీ మీద ఎన్నిసార్లు అలగలేదు, ఎన్నిసార్లు మానలేదు? సంక్రాంతికి ముందే సెలవు అడిగాను. వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంటాను.

పూంగొడి


గణపతి
జనవరి 9, 2024

పూంగొడికి,

ఉన్నామలై ఫోన్ చేసి నీకు చెప్పే ఉంటుంది. దహనం, మూడో రోజు కర్మ అయిపోయాయి. రాలేకపోయానని కుమిలిపోకు, విమానం టిక్కెట్టు దొరికి వచ్చినా చూడటానికి ఏమీ మిగల్లేదు. శనివారం పొద్దున్న పోయింది, మధ్యాహ్నానికే తీసుకెళ్లాం.

నీ సున్నా సరిగ్గానే పనిచేసింది. రోజూ పొద్దున్న నేనే బటన్‌ని మెల్లగా నొక్కి, షెడ్డులోకి వెళ్లి చూసుకునేవాణ్ణి. దీపం వెలుగుతూ ఉండేది. ఆపి, బటన్ తెచ్చి ఆమె వేళ్ల కింద పెట్టేవాణ్ణి. ఆ తర్వాత ఒక్కసారి కూడా వెలగలేదు. కంపెనీ పని సగానికి తగ్గించుకున్నాను. ఆమె దగ్గర కూర్చోగలిగినంతసేపు కూర్చునేవాణ్ణి. నేను లేచి వెళ్లినా పిలవలేదు, తిరిగి వచ్చినా చూడలేదు. లేత్ దగ్గర నా కళ్లు జాబ్ మీద ఉండేవి కావు, ఆ ఎర్రదీపం మీదే ఉండేవి. వేలు కోసుకున్నాను కూడా.

ఆ శనివారం ఉన్నామలై బట్టలు ఉతకడానికి వెళ్లింది. నేను ఒక బుష్ కోత మధ్యలో ఉన్నాను. దీపం వెలగలేదు కాబట్టి కోత పూర్తిచేసి, చేతులు కడుక్కుని, గంజి వేడిచేసి తీసుకెళ్లాను. అప్పటికే ఆమె ఒళ్లు చల్లబడింది. చూపుడువేలు బటన్ మీదే ఉంది. ఎత్తి చూశాను. కింద బటన్ బాగానే ఉంది. నా వేలితో నొక్కాను. కిటికీలోంచి చూస్తే షెడ్డులో దీపం వెలిగింది.

అందరూ వచ్చి ఒకటే అంటున్నారు: "పాపం, ఆఖర్న పిలవడానికి కూడా ఓపిక లేకపోయిందండీ." తల ఊపుతున్నాను. నువ్వు కూడా అదే రాస్తావని తెలుసు. ఓదార్చడానికైతే రాయకు. ఆడపిల్లవి, ఆమె ఒళ్లో పెరిగినదానివి, ఆలోచించి నిజం రాయి.

ముందురోజు సాయంత్రం నేను గంజి తాగించబోతే గిన్నె చేత్తో తోసేసింది. నిండు గిన్నె. గోడదాకా వెళ్లి పడింది. గిన్నె తోసిన చేతికి బటన్‌ని ఒక్కసారి నొక్కే బలం ఉండదా, తల్లీ?

మామ